రొయ్యపిల్ల చచ్చిపోతే రైతు కన్‌స్యూమరా, వ్యాపారా?

విడవలూరు రైతు:
రెండెకరాల గుంటలో మూడు లక్షల వనామి రకం రొయ్యపిల్ల వదిలాను. 34వ రోజు పొద్దున, రొయ్య తింటోందో లేదో చూసే చెక్ ట్రేలో వేసిన మేత వేసినట్టే ఉంది. సాయంత్రానికి గట్టు పొడవునా చచ్చిన రొయ్యలు, తల చిప్పల మీద తెల్ల మచ్చలు. పిల్ల అమ్మిన హేచరీ వాళ్లను అడిగితే 'మా పిల్ల మంచిదే, నీ నీళ్లు చూసుకో' అన్నారు. మన రాష్ట్రంలో ఆక్వా సీడ్ నాణ్యతకు 2006లోనే చట్టం వచ్చింది, మేతకు 2020లో వచ్చింది. కన్‌స్యూమర్ కమిషన్‌కు పోదామంటే 'నువ్వు వ్యాపారివి, అక్కడ చెల్లదు' అంటున్నారు. నిజమేనా?

మేత కొట్టు:
అన్నా, బాధ అర్థమైంది గానీ ఈ తెల్ల మచ్చల వైరస్ జబ్బు, వైట్ స్పాట్, పిల్లతోనే రావాలని లేదు. పక్క గుంటలో చచ్చిన రొయ్యను కాకి తెచ్చి నీ గుంటలో పడేసినా వస్తుంది, కాలువలో పీతతోనూ వస్తుంది. నెల దాటాక హేచరీని పట్టుకుంటే ఎట్టా? రొయ్య బాగా పెరిగి లాభమొస్తే వాళ్లకు వాటా ఇచ్చేవాడివా?

నెల్లూరు కోర్టు నుంచి:
వాటా మాట వదిలేయండి. సొంతంగా బతుకుతెరువు కోసం చేసుకునేవాణ్ణి 2019 వినియోగదారుల చట్టం కన్‌స్యూమర్‌గానే చూస్తుంది. మన ఆంధ్రా రైతులే విత్తనం బాగాలేదని నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ మీద వేసిన కేసులో 2012లో సుప్రీంకోర్టు రైతుల వైపే చెప్పింది. 'శాంపిల్ ల్యాబ్‌కు పంపలేదు కదా' అని కంపెనీ వాదిస్తే, విత్తనమంతా చల్లేసిన రైతు దగ్గర శాంపిల్ ఎక్కడిదని అడిగింది. పిల్లంతా వదిలేసిన మీకూ ఆ మాట పనికొస్తుంది. కొన్న సరుకు 5 లక్షల లోపైతే ఫీజు లేదు, గడువు రెండేళ్లు. బిల్లు ఉందా?

మేత కొట్టు:
అది పొలం విత్తనాల కేసు సార్. ఇది ఎగుమతికి పోయే సరుకు. నలభై ఎకరాలు చేసే ఆసామి కూడా బతుకుతెరువే అంటాడు.

నెల్లూరు కోర్టు నుంచి:
నలభై ఎకరాల దగ్గర మీ మాట నిలబడొచ్చు. రెండెకరాల దగ్గర నిలబడదు.

విడవలూరు రైతు:
బిల్లంటే తెల్ల కాగితం మీద 'మూడు లక్షల పిల్ల, బోనస్ వేరే' అని పెన్నుతో రాసింది ఉంది. సంతకం లేదు, పిల్లలో వైరస్ లేదని చూపే పీసీఆర్ టెస్టు రిపోర్టు ఇవ్వలేదు. పిల్ల తెచ్చిచ్చింది మేత డీలరే, మేత కూడా ఆయన దగ్గరే అప్పు. జీఎస్టీ బిల్లు అడిగితే 'అయితే మేత డబ్బులు కూడా ఇప్పుడే కట్టు' అంటాడు. రొయ్య పట్టి అమ్మేదాకా డబ్బులకు ఆగేది ఆయనొక్కడే. ఆయన మీద కేసు వేసి వచ్చే పంటకు మేత ఎవరి దగ్గర తెచ్చుకోవాలో అది కూడా చెప్పండి సార్.