డొమైన్ కొంటామని కంపెనీ అడిగితే ధర ముందు ఎవరు చెప్పాలి?

తెనాలి_కోడర్:
నా దగ్గర రెండు తెలుగు మాటలతో ఒక డాట్ కామ్ డొమైన్, అంటే వెబ్‌సైట్ పేరు, ఉంది. పచ్చళ్లు, పొడులు అమ్మేవాళ్లకి బాగా పనికొచ్చే పేరు. 2016లో సరదాగా కొన్నాను, ఏటా వెయ్యి చిల్లర కట్టి రెన్యూ చేస్తున్నాను. మొన్న ఒక జీమెయిల్ అడ్రస్ నుంచి ఒకే ఒక్క లైన్ వచ్చింది: "ఈ డొమైన్ అమ్ముతారా? ఎంతకి?" లక్ష పైన ఎంత వచ్చినా నాకు ఓకే. మా ఫ్రెండేమో ఐదు లక్షలని చెప్పెయ్ అంటాడు. మా బావేమో నువ్వు నోరు విప్పకు, ముందు వాళ్లనే చెప్పనీ అంటాడు. ఇందులో తిరిగినవాళ్లు చెప్పండి.

బేరాల_బ్రహ్మం:
మీ బావ మాటే వినండి. అంకె మీ నోట్లోంచి వచ్చాక బేరం కిందికే పోతుంది, పైకి వెళ్లే ప్రసక్తే లేదు. టెస్లా వాళ్లు ఏళ్ల తరబడి టెస్లామోటార్స్ డాట్ కామ్‌తోనే నెట్టుకొచ్చారు, 2016లో గానీ టెస్లా డాట్ కామ్ చేతికి రాలేదు. దానికి పదేళ్ల పైన పట్టిందని, కోటీ పది లక్షల డాలర్లు అయ్యాయని 2018లో మస్కే ట్విట్టర్లో రాశాడు. కంపెనీ చిన్నగా ఉన్న రోజుల్లోనే ఆ డొమైన్ చేతిలో ఉన్నాయన ఒక రేటు చెప్పేసి ఉంటే ఎంత పోయేదో ఆలోచించండి. 2019లో వాయిస్ డాట్ కామ్ 3 కోట్ల డాలర్లకు పోయింది. అమ్మింది మైక్రోస్ట్రాటజీ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ. అమ్ముకోక తప్పని అవసరం వాళ్లకి లేదు, అదే వాళ్ల బలం.

వాణి_వరంగల్:
బ్రహ్మం గారూ, ఎవరు డొమైన్ అమ్ముతున్నా ఈ రెండు కథలే వినిపిస్తారు. ఇక్కడ కొనేవాడు మస్క్ కాదు. కొత్తగా బ్రాండ్ పెట్టుకుంటున్న ఒక పచ్చళ్ల వ్యాపారి అయ్యుంటాడు. డొమైన్ అంటే వెయ్యి రూపాయలకు దొరికేదే అనుకుంటాడు. ఇలాంటి పేర్లు చేతులు మారే మార్కెట్ ఒకటుందని కూడా తెలియదు. "మీరే చెప్పండి" అన్నారనుకోండి, ఐదు వేలంటాడు. అక్కడి నుంచి లక్షకి లాగడం ఎవరి తరం? చీరల కొట్లో ముందు పట్టుచీర పరిచి, తర్వాత తక్కువ రకం చూపించడం ఊరికే కాదు. మొదట విన్న అంకె చుట్టూనే మనసు తిరుగుతుంది.

ఇంకోటి. మీ పేరు గొప్పతనం ధరను తేల్చదు. వాళ్ల రెండో ఛాయిస్ ఎంతలో వస్తుందో అది తేలుస్తుంది. అదే పేరుకు చివర ఫుడ్స్ తగిలించో, డాట్ ఇన్ తీసుకునో వాళ్ల పని కానిచ్చేసుకోగలిగితే ఐదు లక్షలన్న మెయిల్‌కి జవాబే రాదు. ఆ పేర్లు ఖాళీగా ఉన్నాయో లేదో ఐదు నిమిషాల్లో చూడొచ్చు. చూశాక రెండున్నర, మూడు లక్షల మధ్య ఒక అంకె మీరే చెప్పండి.

కోర్టు_కాగితం:
ఎవరు ముందు అనేదానికంటే ముందు చూడాల్సింది ఇంకోటుంది. ఆ పేరు మీద ఎవరికైనా ట్రేడ్‌మార్క్ ఉందా?

1999 నుంచి డాట్ కామ్ లాంటి వాటికి పేర్ల మీద వివాదాలు తేల్చే యూడీఆర్‌పీ అనే విధానం ఉంది, డాట్ ఇన్‌కి ఐఎన్‌డీఆర్‌పీ ఉంది. ట్రేడ్‌మార్క్ గలవాళ్లకే ఎక్కువ ధరకు అమ్మాలని ఒక పేరు రిజిస్టర్ చేసి ఉంటే అది దురుద్దేశానికి సాక్ష్యం. అలాంటప్పుడు మీరు ధర రాసిన మెయిలే రేపు వాళ్ల ఫిర్యాదుకి జతపడుతుంది. కోర్టుల సంగతీ అంతే. తాము వాడుకునే సిఫీ పేరుకు దగ్గరగా ఉన్న సిఫీనెట్ విషయంలో సత్యం ఇన్ఫోవే సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2004లో గెలిచింది. ట్రేడ్‌మార్క్‌కి ఉన్న రక్షణ డొమైన్ పేరుకీ వర్తిస్తుందని అప్పుడే తేలింది.

2024లో జియోహాట్‌స్టార్ డాట్ కామ్ గుర్తుందిగా? జియోసినిమా, హాట్‌స్టార్ విలీనం జరగొచ్చని ముందే ఊహించి ఢిల్లీ డెవలపర్ ఒకరు ఆ పేరు పట్టుకున్నారు. కేంబ్రిడ్జ్ చదువుకి సుమారు కోటి రూపాయలు కట్టమని రిలయన్స్‌ని అడిగారు. కంపెనీ ఒప్పుకోలేదు, లీగల్‌గా వెళ్తామంది. తర్వాత ఆ పేరు దుబాయ్‌లో ఉండే ఇద్దరు పిల్లల చేతికి వెళ్తే, వాళ్లు ఉచితంగానే ఇస్తామన్నారు.

బేరాల_బ్రహ్మం:
లాయర్ గారూ, అది వేరే వాళ్ల బ్రాండ్లు రెండు కలిపి కొన్న పేరు. దాన్నీ పచ్చళ్ల పేరునీ ఒక గాటన కట్టకండి, పాపం ఆయనకి లేనిపోని టెన్షన్.

కోర్టు_కాగితం:
ఒకే గాటన కట్టలేదు. మామూలు మాటలతో ఉన్న పేరు, అదీ వాళ్ల బ్రాండ్ పుట్టకముందే కొన్నది అయితే చాలావరకు ఇబ్బంది ఉండదు. అందుకే తేదీ చూసుకోమంటున్నాను.

డల్లాస్_బాబాయ్:
ఇక్కడ నేను డొమైన్లు కొని అమ్ముతుంటాను కాబట్టి చెప్తున్నా అబ్బాయ్. మనం వాళ్ల వెంట పడితే ధర మనమే చెప్పాలి, అంకె లేని మెయిల్‌కి ఎవడూ జవాబివ్వడు. వాళ్లే వచ్చినప్పుడు మాత్రం ఒక్క ప్రశ్న ఖర్చుపెట్టొచ్చు: ఏ పనికి కావాలి, ఎవరి తరఫున అడుగుతున్నారు? అసలు కంపెనీ పేరు బయటపడకుండా మధ్యవర్తితో జీమెయిల్ నుంచి అడిగించడం మామూలే. అంకె చెప్పాక పక్కనే "నెగోషియబుల్" అని మాత్రం రాయకు. రాశావంటే నీ ధర నువ్వే తగ్గించుకున్నట్టు.

మోసాలు కూడా చూసుకో. ఎనిమిది లక్షలిస్తాను, ముందు ఫలానా సైట్‌లో వాల్యుయేషన్ సర్టిఫికెట్ కొను అన్నాడంటే ఆ సైటూ వాడిదే. డబ్బు ఎస్క్రోలో, అంటే బేరం పూర్తయ్యేదాకా డబ్బు తన దగ్గర పెట్టుకునే మధ్యవర్తి కంపెనీలో, పడిందని ఆ ఎస్క్రో కంపెనీయే చెప్పేదాకా ట్రాన్స్‌ఫర్ కోడ్ (పేరు వాళ్ల చేతికి మార్చే కోడ్) ఇవ్వొద్దు. ఎస్క్రో నుంచి వచ్చినట్టు మెయిల్ వస్తే నమ్మకు, సైట్‌లోకి నువ్వే లాగిన్ అయి చూసుకో.

తెనాలి_కోడర్:
థ్యాంక్స్ అందరికీ. బాబాయ్ గారు చెప్పిన ప్రశ్నే అడిగాను. హైదరాబాద్‌లో ఒక ఫుడ్స్ కంపెనీకి ఏజెంట్‌నని, వాళ్లు 40 వేల దాకా ఇస్తారని జవాబొచ్చింది.

బేరాల_బ్రహ్మం:
చూశారా! ఊపిరి తీసుకోకుండా 40 వేలన్నాడంటే జేబులో రెండు లక్షలున్నాయి. ఇప్పుడూ మీరు అంకె చెప్పకండి. "చాలా తక్కువ" అని ఒక్క ముక్క రాసి ఊరుకోండి.

వాణి_వరంగల్:
జేబులో ఎంతుందో మీకెలా తెలిసింది? ఏజెంట్ అంటున్నాడు, వాళ్లకిచ్చిన బడ్జెట్టే 40 కావచ్చు. పైన ఉన్న మనిషిని ఒప్పించాలంటే అతనికి ఒక అంకె, ఒక కారణం కావాలి. "చాలా తక్కువ" అనే మెయిల్ పట్టుకెళ్లి అతను బాస్‌కి ఏం చూపిస్తాడు? "2.75 లక్షలు, ఈ నెలాఖరు వరకు" అని రాయండి. ఒకేసారి కట్టలేమంటే ఆరు నెలల వాయిదాలకి ఒప్పుకోండి, చివరి వాయిదా అందేదాకా పేరు ఎస్క్రోలోనే ఉంటుంది.

బేరాల_బ్రహ్మం:
2.75 అన్నారా, 1.20 దగ్గర తెగుతుంది. రాసిపెట్టుకోండి.

వాణి_వరంగల్:
ఆయన అడిగిందే లక్ష కదండీ.

తెనాలి_కోడర్:
వాణి గారు చెప్పినట్టే 2.75 అని డ్రాఫ్ట్ రాసి పెట్టాను. ఇంకా పంపలేదు.

కోర్టు_కాగితం:
పంపకముందు ఆ ఫుడ్స్ కంపెనీ పేరు అడిగారా? అడిగి, ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ సైట్‌లో వెతకండి, ఉచితమే. పచ్చళ్లూ పొడులూ కాబట్టి 29, 30 క్లాసులు (సరుకుల రకాన్ని బట్టి ట్రేడ్‌మార్క్‌లని విడదీసే వర్గాలు) రెండూ చూడండి. వాళ్ల మార్క్ వాడకం 2016 కంటే ముందుదని కనిపిస్తే ఆ డ్రాఫ్ట్ అలాగే ఆపి, ముందు ఒక లాయర్‌కి చూపించండి.