ఒక్క కుషన్ రబ్బరు మారిస్తే సరిపోతుందా, ఆరూ మార్చాలా?

కర్నూలు కిక్‌షాట్:
సి.క్యాంప్ దగ్గర మేం ఆడే పార్లర్‌లో తొమ్మిదడుగుల పూల్ టేబుల్ ఒకటుంది. బంతి తగిలి తిరిగొచ్చే రబ్బరు అంచులు, అదే కుషన్లు, దానికి ఆరున్నాయి. వాటిలో అవతలి పొట్టి కుషన్ చచ్చిపోయింది. బంతి తగిలితే టక్కుమని వెనక్కి రావాల్సింది పోయి, దబ్బుమని చప్పుడు చేసి అక్కడక్కడే దొర్లుతోంది. ఓనర్ ఆ ఒక్క రబ్బరే మార్పిస్తానంటున్నాడు. దసరాకి అదే టేబుల్ మీద చిన్న టోర్నమెంట్ పెట్టాలని ఉంది. మాలో సగం మంది ఒక్కటి చాలంటారు, మిగతావాళ్లు ఆరూ మార్చాల్సిందే అంటారు. మీరేమంటారు?

బురుజు బ్రదర్:
ఒక్కటి చాలు అన్నా. అసలు మార్చకపోయినా కొంపేం మునగదు. టేబుల్ ఎట్లున్నా ఇద్దరూ ఆడేది దాని మీదే కదా. పిచ్ తిరుగుతోందని ఎవరైనా మ్యాచ్ ఆపేస్తారా? ఓడిపోయినోడికి కుషన్ ఒక సాకు, అంతే.

కడప బ్యాంక్‌షాట్:
ఇద్దరికీ అదే టేబుల్ అన్నమాట వినడానికి బాగానే ఉంటుంది. కానీ రోజూ అక్కడే ఆడేవాడి చేతికి ఆ కుషన్ ఎంత మింగేస్తుందో తెలిసిపోయి ఉంటుంది. నంద్యాల నుంచి బస్సెక్కి వచ్చి ఆడేవాడికి ఏం తెలుస్తుంది?

నా లెక్కలో ఆరూ నిదానంగా ఉన్నా పర్వాలేదు, ఒకటి కొత్తది, ఐదు పాతవి అంటేనే అసలు ఇబ్బంది. రైల్ మీద, అంటే కుషన్ అతికించిన చెక్క అంచు మీద, ఆ 18 గుర్తులు, అదే డైమండ్లు, అలంకారానికి పెట్టలేదు. వాటిని చూసి లెక్క కట్టి కిక్, అంటే ముందు కుషన్‌కి తగిలి తర్వాత బంతిని తాకే షాట్, కొడతాం. అన్ని కుషన్లూ ఒకే తీరుగా బంతిని తిప్పితేనే ఆ లెక్క కుదిరేది. పాత కుషన్‌కి తగిలి కొత్తదాని మీదికి వెళ్లే షాట్‌కి ఏ లెక్క వాడతావు?

పైగా బంతి ఎంత కోణంలో వెళ్తే అంతే కోణంలో తిరిగొస్తుందని బడిలో చెప్పింది ఇక్కడ అచ్చంగా పనిచేయదు. గట్టిగా కొడితే రబ్బరు లోపలికి నొక్కుకుపోయి బంతి కురచ కోణంలో బయటికొస్తుంది. మెల్లగా దొర్లుతూ వెళ్లిన బంతికి కుషన్ తగిలాక కూడా ముందుకు దొర్లే స్పిన్ కొంత మిగులుతుంది. దాంతో వంపు తిరిగి, వెడల్పుగా పోతుంది. వేగం, స్పిన్ చూసుకోవడానికే తల వేడెక్కుతుంటే, ఏ వైపు రబ్బరు ఏ వయసుదో కూడా గుర్తుపెట్టుకోవాలా?

అనంత ఫిట్టర్:
నేను టేబుళ్లు బిగించే పని చేస్తాను. మీరంతా రబ్బరు దగ్గరే కొట్టుకుంటున్నారు. అసలు చచ్చింది రబ్బరేనని ఎవరు తేల్చారు?

దబ్బుమనే చప్పుడుకి చాలాసార్లు బోల్టే కారణం. రైల్ చెక్కని క్లాత్ కిందున్న రాతి పలకకి, అదే స్లేట్‌కి, బోల్టులతో బిగిస్తారు. అది వదులైతే బంతి దెబ్బకి చెక్క కూడా కదిలి, బంతికి రావాల్సిన ఊపు అక్కడే పోతుంది. రైల్ పొడవునా అరచేత్తో తట్టుకుంటూ వెళ్లండి. గట్టిగా ఉన్నచోట చప్పుడు పొట్టిగా, గట్టిగా వస్తుంది. వదులైన చోట బోలుగా వస్తుంది. టేబుల్ కిందికి దూరి పానాతో బిగిస్తే పైసా ఖర్చు లేకుండా పోయేదానికి టోర్నమెంట్ గొడవెందుకు?

ఆ తర్వాత చూడాల్సింది ఎత్తు. కుషన్ ముక్కు, అంటే బంతికి తగిలే అంచు, బంతి వ్యాసంలో 63.5 శాతం ఎత్తున ఉండాలి. ఒక శాతం అటూ ఇటూ ఉండొచ్చు. పూల్ బంతి 57.15 మి.మీ. కాబట్టి ముక్కు దాదాపు 36.3 మి.మీ. దగ్గర రావాలి. కిందికి దిగితే గట్టిగా కొట్టిన బంతి ఎగురుతుంది. పైకుంటే బంతిని క్లాత్‌లోకి నొక్కి ఊపు తినేస్తుంది. కొన్ని పార్లర్లలో పిల్లలు పూల్ టేబుల్ మీద స్నూకర్ బంతులేసి ఆడి, కుషన్ బాగాలేదంటారు. 52.5 మి.మీ. బంతికి అదే ముక్కు 69 శాతం ఎత్తున తగులుతుంది, ఇక కుషన్‌ని తిట్టి ఏం లాభం?

ఈ రెండూ సరిగ్గా ఉండి, అప్పటికీ బంతి రాకపోతే రబ్బరు పోయినట్టే. అప్పుడు మాత్రం నేనూ ఆరూ మార్చమనే చెప్తాను. ఒకే రోజు అతికించినవి, మిగతా ఐదూ అదే దారిలో ఉంటాయి. ఒక్కటే మార్చాలనుకుంటే కనీసం పాతదాని కోత, అంటే రబ్బరు ఆకారం రకం, కె-66 ఓ, కె-55 ఓ చూసి అదే తెప్పించండి. వేరే కోత పెడితే ముక్కు ఎత్తే మారిపోతుంది.

బురుజు బ్రదర్:
శాతాలు సరే ఫిట్టరన్నా. మే నెలలో మా ఊళ్లో 42 డిగ్రీలు కాస్తే ఏ రబ్బరైనా మెత్తబడి ఎగిరి తంతుంది. వానాకాలంలో క్లాత్ చెమ్మ పట్టి బంతి ఈడ్చుకుంటుంది. పొద్దున ఉన్న టేబుల్ సాయంత్రానికి ఉండదు. ఇంక సమానం ఎక్కడిది?

కడప బ్యాంక్‌షాట్:
ఎండ ఆరు కుషన్లకీ ఒకేలా తగులుతుంది భాయ్, నా మాటా అదే. వేడికి రబ్బరు మారడం కొత్తేం కాదు. 1835లో లండన్‌లో టేబుళ్లు తయారుచేసే థర్స్టన్ రబ్బరు కుషన్లు పెట్టినప్పుడు చలికి అవి రాయిలా బిగుసుకుపోయేవి, వేడినీళ్ల పాత్రలతో కాచి మరీ ఆడేవాళ్లు. వల్కనైజ్ చేసిన, అంటే గంధకం కలిపి కాచి గట్టిపరిచిన, రబ్బరు వచ్చాకే ఆ బాధ తగ్గింది.

ఒంటిమిట్ట 8బాల్:
రబ్బరు సంగతి అట్లుంచండి. స్లేట్ బదులు మన కడప బండ వేస్తే ఎట్లుంటుంది?

అనంత ఫిట్టర్:
కడప బండ సున్నపురాయి, స్లేట్ వేరు. దాని గురించి ఇంకో థ్రెడ్ పెట్టు సామీ, ఇక్కడొద్దు.

కర్నూలు కిక్‌షాట్:
బోల్టులు చూశాం. రెండు వదులుగానే ఉన్నాయి. బిగించాక ఎడమ సగం టక్కుమంటోంది. కుడి పాకెట్ పక్కన జానెడు మేర ఇంకా దబ్బుమనే ఉంది. ఓనర్ ఇప్పుడు ఒక్కటి కూడా మార్చనంటున్నాడు!

బురుజు బ్రదర్:
మంచి ఓనర్.

కడప బ్యాంక్‌షాట్:
ఆ జానెడు చోటు ఎక్కడుందో టోర్నమెంట్ రోజు బయటినుంచి వచ్చినోళ్లందరికీ చూపిస్తారా మరి? గోడకి కాగితం అంటిస్తారా?

అనంత ఫిట్టర్:
జానెడే అంటే బోల్టు కాదు. రబ్బరు అక్కడ చెక్కనుంచి అంటు వదిలి ఉంటుంది, లేదా పగిలి ఉంటుంది. క్లాత్ విప్పి బొటనవేలితో నొక్కి చూడండి. వెంటనే పైకి లేస్తే రబ్బరు బాగున్నట్టు, అప్పుడు ఆ కాస్తా మళ్లీ అంటిస్తే చాలు. నొక్కిన గుంట అలాగే ఉండిపోయినా, పగుళ్లు కనిపించినా ఓనర్‌ని పిలిచి ఆయన వేలితోనే నొక్కించండి. క్లాత్‌ని గాడిలో పట్టి ఉంచే సన్నటి చెక్క పట్టీని స్క్రూడ్రైవర్‌తో పెకలించొద్దు. అది విరిగితే సరిపోయే మందం పట్టీ దొరికేదాకా దసరా టోర్నమెంట్ సంగతి మరిచిపోవాల్సిందే.