అమ్మకీ నాకూ కలిపి ఏడెనిమిది పుస్తకాలు చెప్పండి, నవలలూ కావాలి చరిత్రా కావాలి

బద్ధకపు పాఠకుడు:
అందరికీ నమస్కారం. అమ్మకి రెండు కళ్లకీ కాటరాక్ట్ ఆపరేషన్ అయింది, ఇప్పుడు అక్షరాలు స్పష్టంగా కనబడుతున్నాయని తెగ సంబరపడిపోతోంది. ఒకప్పుడు వారపత్రిక సీరియల్ కోసం గుమ్మంలో కాచుకు కూర్చున్న మనిషి. ఇంట్లో ఉన్నవన్నీ చదివేసింది, కొత్తవి పంపరా అంటోంది. నేను బెంగళూరులో ఉంటాను, పదో తరగతి తర్వాత తెలుగు పుస్తకం పూర్తిగా చదివింది లేదు. పోయినేడాది వేయిపడగలు మొదలుపెట్టి అరవై పేజీల దగ్గర ఆపేశాను, తప్పు పుస్తకానిది కాదు, నాదే. ఈసారి ఒకే పుస్తకం రెండు కాపీలు కొని, ఇద్దరం చదివి ఫోన్లో మాట్లాడుకోవాలని ఆలోచన. అమ్మకి కథ ఉండాలి. నాకేమో చరిత్ర ఇష్టం, కానీ రాజులూ యుద్ధాలూ తేదీలూ ఉండే స్కూలు పాఠం లాంటిది వద్దు. ఇద్దరికీ నప్పేవి ఏమైనా చెప్తారా?

గోదారిగట్టు:
మీ ఆలోచన బాగుంది. నా సలహా ఒకటే, నవలలు ఒక లిస్టు, చరిత్ర ఒక లిస్టు అని విడగొట్టకండి, జతలుగా కొనండి. ఒక కథ, దానికి తోడు అలాంటి దారిలోనే నడిచే ఒక నిజం పుస్తకం.

మొదటి జత ప్రయాణాలు. మొక్కపాటి నరసింహశాస్త్రి బారిష్టర్ పార్వతీశం మీకు తెలిసే ఉంటుంది, మొగల్తూరు కుర్రాడు బారిష్టరు చదువుకని ఇంగ్లండు బయల్దేరడం. అమ్మగారు ఇదివరకే చదివి ఉన్నా మళ్లీ చదువుతారు, పూచీ నాది. దాని పక్కన ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర పెట్టండి. ఈయన మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ, అంటే మాటలు అనువదించే ఉద్యోగి, 1830 మేలో పరివారంతో కాశీకి బయల్దేరి 1831 సెప్టెంబరులో తిరిగొచ్చాడు. రైళ్లు లేని కాలం కదా, ఏ మజిలీలో మంచినీళ్లు బాగుంటాయి, ఎక్కడ సామాన్లు దొరుకుతాయి, ఏ దారి బాగా లేదు అన్నీ రాసుకుంటూ పోయాడు. తెలుగు పాతదే, మొదటి ఇరవై పేజీలు ఓపిక పట్టాలి, తర్వాత ఆయనతోపాటు పల్లకీలో మీరూ ఉంటారు. ఇది వికీసోర్సులో ఉచితంగా దొరుకుతుంది, కానీ అమ్మగారికి మాత్రం అచ్చు పుస్తకమే కొనండి, కొత్త కళ్లకి ఫోను అంటగట్టకండి.

మూసీ ఒడ్డు:
జతల మాట మంచిగుంది అన్నా. మా దిక్కు జత నేను చెప్తా. దాశరథి రంగాచార్య చిల్లర దేవుళ్లు, నిజాం కాలంలో దొర గడీ, వెట్టి, దొరల ఇండ్లల్ల దాసీలుగా ఉండే ఆడబాపల బతుకు. ఆంధ్ర నుంచి వచ్చిన సంగీతం పంతులు పాణి కళ్లతో మనం కూడా ఆ ఊరును కొత్తగా చూస్తాం, అందుకే బయటివాళ్లకు కూడా తొందరగా ఎక్కుతుంది. అది అయినాక మనకు తెలియని మన చరిత్ర చదవండి. తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న ఆడవాళ్లను స్త్రీ శక్తి సంఘటన అనే మహిళా సంఘం వాళ్లు వెతికి పట్టుకుని, వాళ్లు చెప్పింది చెప్పినట్టు అచ్చేసిన పుస్తకం. చిట్యాల ఐలమ్మ, మల్లు స్వరాజ్యం లాంటివాళ్లు ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నట్టే ఉంటుంది. పోరాటంలో తుపాకీ పట్టుకున్న మనిషిని, పోరాటం అయిపోయినాక ఇంటికి పోయి వంట చేసుకో అంటే ఎట్లుంటదో అందులో తెలుస్తుంది. చరిత్ర అంటే తేదీలు వద్దన్నరు కదా, మీకు కావాల్సింది ఇదే.

ఉప్పుగాలి:
మూసీ ఒడ్డు గారూ, మీరు చెప్పిన రెండూ గొప్పవే, కాదనను. కానీ ఇప్పుడే కళ్లకట్టు విప్పిన పెద్దావిడకి వెట్టిచాకిరీతో మొదలెట్టిస్తారా? సీరియల్స్ కోసం గుమ్మంలో కాచుకున్న మనిషి అంటున్నారు, అయితే డాక్టర్ పి. శ్రీదేవి కాలాతీత వ్యక్తులు ముందు పంపండి. 1957లో తెలుగు స్వతంత్ర పత్రికలో సీరియల్‌గానే వచ్చింది, మా విశాఖపట్నం కథ. సోమరి తండ్రిని పోషిస్తూ ఉద్యోగం చేసే ఇందిర ఉంది చూశారూ, ఆ అమ్మాయిని మంచిదని అనలేం, చెడ్డదనీ అనలేం, మా ఇంట్లో మూడు తరాల ఆడవాళ్లు ఆవిడ గురించి తగువులాడుకున్నారు. ఫోన్లో మాట్లాడుకోవడానికి ఇంతకన్నా ఏం కావాలి! రచయిత్రి చిన్న వయసులోనే పోయారు, లేకపోతే ఇంకెన్ని రాసేవారో అనిపిస్తుంది.

అది నచ్చితే దాని తర్వాత కమ్యూనిస్టు ఉద్యమంలో పనిచేసిన కొండపల్లి కోటేశ్వరమ్మ గారి ఆత్మకథ నిర్జన వారధి. అది కూడా దుఃఖమే, ఒప్పుకుంటాను, కానీ ఆవిడ ఎక్కడా ఏడుస్తూ చెప్పరు.

ఎర్రనేల:
ఎప్పటిలాగే సీమను మర్చిపోయినారు అందరూ :) బండి నారాయణస్వామి శప్తభూమి రాసుకోండి. పద్దెనిమిదో శతాబ్దంలో అనంతపురం హండే పాలకుల కాలం, అయితే కథ కోటలో మాత్రమే జరగదు, కింది కులాల మనుషులే దాన్ని నడిపిస్తారు. 2019లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఇది కొంచెం పెద్ద పుస్తకం, వేయిపడగల దగ్గర ఆగిపోయినోళ్లు ముందు కేశవరెడ్డి అతడు అడవిని జయించాడు చదవండి. పందులు మేపే ముసలాయన, అడవిలో ఈనిన పంది, ఒక రాత్రి. అంతే కథ. చిన్న పుస్తకం, పొద్దున మొదలుపెడితే రాత్రికి అయిపోతుంది, చదవడం అలవాటు తప్పినోళ్లకి ఇంతకన్నా మంచి మందు లేదు.

గోదారిగట్టు:
ఎర్రనేల గారి మాట ముమ్మాటికీ నిజం, ముందు చిన్నదే పట్టుకోండి. ఇంకొకటి మర్చిపోయాను, సురవరం ప్రతాపరెడ్డి ఆంధ్రుల సాంఘిక చరిత్ర. తెలుగులో మొదటి సాహిత్య అకాడమీ అవార్డు 1955లో దీనికే. రాజుల సంగతి పక్కనపెట్టి, పాత కావ్యాల్లోంచి జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏం ఆటలాడారు అని ఏరి పెట్టాడాయన. క్రీడాభిరామం అనే పాత కావ్యంలో ఓరుగల్లు పూటకూళ్లింట ఒక రూకకి సన్నబియ్యం అన్నం, గోధుమపిండి వంట, పెసరపప్పు, పంచదార, అరటిపళ్లు, గడ్డపెరుగు వడ్డిస్తారు, అలాంటి సంగతులతో అప్పటి బతుకు కట్టాడన్నమాట. మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివే పుస్తకం కాదు, మంచం పక్కన పెట్టుకుని ఎక్కడ తెరుచుకుంటే అక్కడ చదవండి.

బద్ధకపు పాఠకుడు:
అందరికీ థాంక్స్, ఆలస్యంగా రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి. కాలాతీత వ్యక్తులు, కేశవరెడ్డి గారిది, మనకు తెలియని మన చరిత్ర రెండేసి కాపీలు తెప్పించాను. సాంఘిక చరిత్ర ఒకటే, అది నాకు. అమ్మ కాలాతీత వ్యక్తులు రెండు రోజుల్లో ముగించేసి నిన్న రాత్రి ఫోన్ చేసింది, ఆ ఇందిర చేసినదాంట్లో తప్పేముందిరా అని అరగంట వాదించింది. నేనింకా నలభయ్యో పేజీలో ఉన్నానని చెప్పలేక ఊఁ కొట్టాను.