14 అంగుళాల తేలిక ల్యాప్‌టాపా, 16 అంగుళాల గ్రాఫిక్స్ ల్యాప్‌టాపా?

తేలనిలెక్క:
అందరికీ నమస్కారం. నా పాత ల్యాప్‌టాప్ ఇక పనికి రావడం లేదు. కొత్తది కొనాలని చూసి చూసి రెండింటి దగ్గర ఆగిపోయాను. ఒకటి 14 అంగుళాలది. బరువు 1.3 కిలోలు, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు, ఇంటెల్ ప్రాసెసర్‌తో వచ్చే గ్రాఫిక్సే. రెండోది 16 అంగుళాలది, 2.4 కిలోలు, ఎన్విడియా కంపెనీ విడి గ్రాఫిక్స్ కార్డు ఆర్‌టీఎక్స్ 4060 ఉంది. ర్యామ్ రెండింట్లోనూ 16 జీబీ. ధర కూడా ఇంచుమించు ఒకటే, అందుకే ఇంత టెన్షన్.

రోజూ కాలేజీకి తీసుకెళ్ళాలి. పైథాన్, మెషిన్ లెర్నింగ్ ఉన్నాయి. శని, ఆదివారాల్లో వీడియోలు ఎడిట్ చేస్తాను. అప్పుడప్పుడు గేములు. నాలుగైదేళ్ళు వాడుకోవాలి. మీరైతే ఏది తీసుకుంటారు?

పెద్దతెర:
ఇందులో ఆలోచించాల్సింది లేదు, 16 తీసుకోండి. ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డు తర్వాత పెట్టించుకునే వస్తువు కాదు. కొన్నప్పుడు లేకపోతే ఇక లేనట్టే. మెషిన్ లెర్నింగ్ అంటున్నారు కదా, దానికి వాడే పైటార్చ్ అనే సాఫ్ట్‌వేర్ నేర్చుకునేటప్పుడు ఎన్విడియా కార్డు ఉంటే, లెక్కల్ని ఆ కార్డు మీద నడిపించే క్యూడా నేరుగా పనిచేస్తుంది. లేకపోతే ప్రతి చిన్న ప్రయోగానికీ ప్రాసెసర్ మీదే ఆధారపడి కూర్చోవాలి.

తెర సంగతి కూడా చూడండి. 14కీ 16కీ తేడా రెండంగుళాలే అనిపిస్తుంది కానీ, అది మూల నుంచి మూలకి కొలిచిన కొలత. వైశాల్యం లెక్క వేస్తే 16 అంగుళాల తెర దాదాపు 30 శాతం పెద్దది. వీడియో ఎడిటింగ్‌లో కింద టైమ్‌లైన్, పైన ప్రివ్యూ, పక్కన క్లిప్పులు అన్నీ ఒకేసారి కనబడాలి. చిన్న తెర మీద ఆ పని చేస్తే రోజూ విసుగే. ఒక కిలో బరువు తేడా కోసం ఇదంతా వదులుకోవద్దు.

తేలికసంచి:
పెద్దతెర గారూ, ఆ ఒక కిలో లెక్క సరిగ్గా లేదండీ. మీరు చార్జర్‌ని కలపలేదు. ఆర్‌టీఎక్స్ 4060 ఉన్న ల్యాప్‌టాప్‌లకి చాలావరకు 200 వాట్లు దాటిన చార్జర్ ఇస్తారు. అదొక ఇటుక, అర కిలో పైనే ఉంటుంది. 14 అంగుళాలదానికి 65 వాట్ల యూఎస్‌బీ-సి చార్జర్ చాలు, అదే చార్జర్‌తో ఫోన్ కూడా చార్జ్ చేసుకోవచ్చు. అంటే సంచిలో తేడా ఒకటిన్నర కిలోకి దగ్గర. పుస్తకాలు, నీళ్ళ సీసా దీనికి అదనం.

చార్జర్ ఇంట్లో వదిలేసి వెళ్తే సరిపోదా అంటే, సరిపోదు. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. విమానంలో అనుమతి అడక్కుండా తీసుకెళ్ళగల లిథియం బ్యాటరీకి 100 వాట్-అవర్లు (బ్యాటరీలో ఎంత శక్తి పడుతుందో చెప్పే కొలత) హద్దు. అందుకే ఎంత పెద్ద ల్యాప్‌టాప్‌లోనైనా బ్యాటరీ 99 దగ్గర ఆగిపోతుంది, చాలావాటిలో ఇంకా తక్కువే. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు కలిసి 140 వాట్లు తాగే మెషిన్‌కి 90 వాట్-అవర్ల బ్యాటరీ ఇస్తే 40 నిమిషాలు కూడా రాదు. అంత కరెంటు బ్యాటరీ నుంచి లాగడం కూడా సాధ్యం కాదు కాబట్టి, ప్లగ్ తీయగానే ఆ మెషిన్ తన వేగాన్ని తానే బాగా కోసేసుకుంటుంది. క్లాసులో ప్లగ్ పాయింట్ లేని చోట మీరు మోసుకొచ్చిన 4060, సగం నిద్రలో ఉన్న 4060. ఆ బరువు మాత్రం మీ భుజం మీద పూర్తిగా ఉంటుంది.

రోజూ మోసేవాళ్ళకి నేను గట్టిగా చెప్పేది ఇదే: ఎక్కడ ఎక్కువ గంటలు వాడతారో ఆ చోట అది ఎంత పనిచేస్తుందో చూడండి. డబ్బా మీద రాసిన శక్తిని చూడకండి.

స్క్రూడ్రైవర్:
ల్యాప్‌టాప్‌లు విప్పి బాగుచేసే పని నాది. ఇద్దరూ '4060' అని ఒకే వస్తువు గురించి మాట్లాడినట్టు మాట్లాడుతున్నారు, అది నాకు ఇబ్బందిగా ఉంది. ల్యాప్‌టాప్‌లో వచ్చే ఆర్‌టీఎక్స్ 4060కి ఎన్విడియా ఇచ్చిన పవర్ పరిధి 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా. ఎంత ఇవ్వాలన్నది ల్యాప్‌టాప్ తయారుచేసేవాళ్ళ ఇష్టం. స్టిక్కర్ ఒకటే, లోపల జరిగేది వేరు. స్పెసిఫికేషన్లలో టీజీపీ అని ఉంటుంది, అంటే కార్డుకి ఎన్ని వాట్లు ఇస్తారన్నది, ఆ అంకె చూడకుండా కొనకండి. పెద్ద తరగతి కార్డుల్లో పేరు ఇంకా తప్పుదారి పట్టిస్తుంది. ల్యాప్‌టాప్ 4090లో వాడిన చిప్పు డెస్క్‌టాప్ 4080లో వాడినదే. మెమరీ 16 జీబీ. అసలు డెస్క్‌టాప్ 4090కి 24 జీబీ.

శక్తి అంటే చివరికి వేడిని బయటికి పంపగలగడమే. ఎంత చెట్టుకు అంత గాలి. సన్నటి ల్యాప్‌టాప్‌కి కూడా మంచి ప్రాసెసర్ వేస్తారు, మొదటి అర నిమిషం అది పెద్దదానితో పోటీపడుతుంది కూడా. వేడెక్కాక హద్దు దించేసి నెమ్మదిగా నడుస్తుంది. బ్రౌజర్ తెరవడం, కోడ్ రాయడం, ఫొటో సవరించడం ఇవన్నీ చిన్న చిన్న పరుగులు, సన్నటి మెషిన్‌కి సమస్య లేదు. గంటసేపు రెండర్ (ఎడిట్ చేసిన వీడియోని చివరి ఫైలుగా తయారుచేయడం) పెడితే మాత్రం తేడా తెలిసిపోతుంది. మ్యాక్‌బుక్ ఎయిర్‌లో ఎం1 చిప్పు వచ్చినప్పటి నుంచి అసలు ఫ్యానే లేదు. ఎడిటింగ్‌కి కూడా చాలామంది వాడుతున్నారు, కానీ పొడవాటి పని పెడితే అది కూడా కాసేపటికి తగ్గుతుంది. ఇది ఏ కంపెనీ దాటలేని హద్దు.

పెద్దవాటి వైపు నుంచి ఒక మాట చెప్పాలి, ఇది ఎవరూ పట్టించుకోరు. 16 అంగుళాల గేమింగ్ ల్యాప్‌టాప్ వెనక మూత తీస్తే సాధారణంగా రెండు ర్యామ్ స్లాట్లు, రెండు ఎస్ఎస్‌డీ స్లాట్లు ఉంటాయి. తేలికవాటిలో ర్యామ్‌ని బోర్డుకే అతికించేస్తారు. అలా పెడితే చోటు కలిసొస్తుంది, కరెంటు తక్కువ తాగుతుంది, అది నిజమే. కానీ నాలుగేళ్ళ తర్వాత 16 జీబీ చాలకపోతే నేనే కాదు, ఎవరూ ఏమీ చేయలేరు. తీసి మార్చగలిగే ఎల్‌పీక్యామ్2 అనే కొత్తరకం ర్యామ్ 2024లో థింక్‌ప్యాడ్ పీ1లో వచ్చింది. అది అన్నిటిలోకీ వచ్చేదాకా ఆగలేం కదా.

పెద్దతెర:
స్క్రూడ్రైవర్ అన్నా, చివరి పేరా నా వాదనే. థాంక్స్. నాలుగైదేళ్ళు వాడాలి అన్నది ప్రశ్నలోనే ఉంది. ర్యామ్ పెంచుకోగలగడం, పొడవాటి రెండర్‌కి తట్టుకోవడం, ఇవి లేకుండా ఐదేళ్ళు ఎలా వస్తుంది?

తేలికసంచి గారూ, ప్లగ్ తీస్తే వేగం తగ్గుతుందన్నది ఒప్పుకుంటాను. కానీ క్లాసులో ఎవరూ రెండర్ పెట్టరు కదా, నోట్సు రాసుకుంటారు. గ్రాఫిక్స్ కావాల్సింది గదికి వచ్చాక, అక్కడ ప్లగ్ ఉంటుంది.

తేలికసంచి:
నోట్సు రాసుకోవడానికి 2.4 కిలోలు మోయడం ఎందుకన్నదే నా ప్రశ్న. బరువైన ల్యాప్‌టాప్ కొన్న చాలామంది కొన్నాళ్ళకి దాన్ని బల్ల మీద వదిలేసి, ఫోన్‌తో కాలేజీకి వెళ్ళడం చూస్తున్నాను. కదలని ల్యాప్‌టాప్ కన్నా డెస్క్‌టాప్ అన్ని విధాలా మేలు. చల్లగా ఉంటుంది, భాగాలు మార్చుకోవచ్చు, అదే కార్డు ఎక్కువ కరెంటుతో నడుస్తుంది.

వీడియో ఎడిటింగ్ గురించి కాస్త వివరంగా చెప్పాలి. గ్రాఫిక్స్ కార్డు లేకపోతే ఎడిటింగే కాదన్న భయం చాలామందికి ఉంది. ఎడిటింగ్‌లో మొదటి ఇబ్బంది వీడియోని వెంటనే విప్పి చూపించడం, చివర్లో మళ్ళీ కుదించడం. ఇంటెల్ ప్రాసెసర్లలో ఈ పనికే క్విక్ సింక్ అనే ప్రత్యేక భాగం 2011 నుంచి ఉంది. ఇప్పటి చాలా కెమెరాలు రికార్డ్ చేసే 10 బిట్ 4:2:2 హెచ్ఈవీసీ (రంగుల వివరం ఎక్కువ ఉంచి కుదించిన వీడియో) ఫైళ్ళని ఈమధ్య తరాల ఇంటెల్ చిప్పులు హార్డ్‌వేర్‌లోనే విప్పుతాయి. ఆర్‌టీఎక్స్ 40 సిరీస్ కార్డులకి ఆ సామర్థ్యం లేదు, 50 సిరీస్‌లోనే వచ్చింది. అందువల్ల ఆ రకం ఫైళ్ళ వరకు 4060 కన్నా చిన్న ల్యాప్‌టాప్‌లోని చిప్పే ఎక్కువ ఉపయోగపడుతుంది. మీ 16 అంగుళాలదానిలోనూ ఇంటెల్ ఉంటే అదీ చేస్తుంది, కాదనను. కలర్ గ్రేడింగ్‌లో నాయిస్ రిడక్షన్ లాంటి బరువైన ఎఫెక్టులు, బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్‌లో త్రీడీ, వీటికి మాత్రం విడి కార్డు కావాల్సిందే. కట్ చేసి, పాట కలిపి, పేర్లు వేసి, రంగు కాస్త సరిచేసే ఎడిటింగ్‌కి అంత అవసరం లేదు. మరీ ఆగుతుంటే ప్రాక్సీ ఫైళ్ళు, అంటే అదే వీడియోకి తేలికపాటి నకళ్ళు, చేసుకుంటే హాయిగా నడుస్తుంది.

మెషిన్ లెర్నింగ్‌కి వస్తే, ల్యాప్‌టాప్ 4060లో మెమరీ 8 జీబీ. నేర్చుకునే దశలో చేసే చిన్న మోడళ్ళకి ఇంటర్నెట్‌లో గూగుల్ కంప్యూటర్ల మీద కోడ్ నడిపించుకునే గూగుల్ కోల్యాబ్ ఉచితంగా ఇచ్చేదే సరిపోతుంది. పెద్ద మోడల్‌ని ట్రైన్ చేయాలనుకున్న రోజు ఆ 8 జీబీ కూడా చాలదు, అప్పుడైనా సర్వరే దిక్కు. మధ్యలో మిగిలేది చిన్న జాగా. ఆ జాగా కోసం నాలుగేళ్ళు మోయమంటే నేను ఒప్పుకోను.

పెద్దతెర:
'చిన్న జాగా' కాదండీ. ఉచిత కోల్యాబ్ మధ్యలో తెగిపోతుంది, జీపీయూ (గ్రాఫిక్స్ చిప్పు) ప్రతిసారీ దొరుకుతుందన్న హామీ లేదు. రేపు సబ్మిషన్ అనగా రాత్రి పన్నెండింటికి సెషన్ పోతే ఎలా ఉంటుందో పడ్డవాళ్ళకే తెలుస్తుంది. సొంత మెషిన్ అయితే ఇంటర్నెట్ ఉన్నా లేకపోయినా నడుస్తుంది. నేర్చుకునేవాడికి భయం లేకుండా ప్రయోగాలు చేసే స్వేచ్ఛ ముఖ్యం, దాన్ని తక్కువ చేసి చూడకండి.

మెడనొప్పి:
మధ్యలో వస్తున్నాను, క్షమించండి. తెర గురించి ఒక్క మాట. 16 అంగుళాలైనా 14 అయినా ల్యాప్‌టాప్ తెర కంటికన్నా కిందే ఉంటుంది, గంటల తరబడి మెడ వంచే కూర్చోవాలి. గదిలో ఒక 24 అంగుళాల మానిటర్, విడి కీబోర్డు పెట్టుకుంటే ఈ తెర వాదన సగం పోతుంది. ఇంకోటి, చాలా పెద్ద ల్యాప్‌టాప్‌లలో కుడివైపు నంబర్ ప్యాడ్ ఉంటుంది. దానివల్ల టైప్ చేసే అక్షరాలు ఎడమకి జరుగుతాయి, మనం కూడా ఎడమకి జరిగి కూర్చుంటాం. అంకెలు ఎక్కువ కొట్టే పని కాకపోతే అది అనవసరం.

తేలనిలెక్క:
ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ థాంక్స్. అడగకముందే చెప్పేస్తాను: క్లాసుల్లో ప్లగ్ పాయింట్లు లేవు, ల్యాబ్‌లో ఉన్నాయి. వీడియోలు 10, 15 నిమిషాలవి, ఫోన్‌తో తీసినవే ఎక్కువ. త్రీడీ చేయను. గేములంటే ఫుట్‌బాల్, పాత స్ట్రాటజీ గేములు. మా డిపార్ట్‌మెంట్‌లో విద్యార్థులకి జీపీయూ సర్వర్ ఉంది, ముందుగా స్లాట్ బుక్ చేసుకోవాలి. గదిలో మానిటర్ పెట్టుకునే చోటుంది.

తేలికసంచి:
అయితే 14 తీసుకోండి. కానీ 16 జీబీది వద్దు. అదే మోడల్‌లో 32 జీబీ ఉన్నది దొరికితే దానికే డబ్బు పెట్టండి. స్క్రూడ్రైవర్ గారు చెప్పింది ఇక్కడ నేరుగా మీకు వర్తిస్తుంది, తర్వాత పెంచుకునే దారి లేదు. పైగా విడి కార్డు లేని మెషిన్‌లో గ్రాఫిక్స్ కూడా ఆ ర్యామ్‌నే పంచుకుంటుంది, ఎడిటింగ్‌లో అది బాగా తెలుస్తుంది. ఎస్ఎస్‌డీ చిన్నదైనా పరవాలేదు, చాలావాటిలో మార్చుకోవచ్చు.

పెద్దతెర:
డిపార్ట్‌మెంట్ సర్వర్ ఉందని ముందే చెప్పి ఉంటే నేను అంత గట్టిగా మాట్లాడేవాణ్ణి కాదు. మీకు 14 సరిపోతుంది. కానీ ఇది చదువుతున్న మిగతావాళ్ళు దీన్నే అందరికీ తీర్పు అనుకోవద్దు. సర్వర్ లేనివాళ్ళకి, బ్లెండర్ నేర్చుకునేవాళ్ళకి, ఇంజినీరింగ్ డిజైన్ సాఫ్ట్‌వేర్లు నడిపేవాళ్ళకి, హాస్టల్ నుంచి క్లాసుకి ఐదు నిమిషాల నడకే ఉన్నవాళ్ళకి ఇప్పటికీ 16 అంగుళాలదే చెప్తాను.

స్క్రూడ్రైవర్:
కొనేముందు రెండు చూసుకోండి. ఆ 14 అంగుళాలదానిలో యూఎస్‌బీ-సి పోర్టు డిస్‌ప్లే అవుట్‌పుట్ ఇస్తుందో లేదో అడగండి, చూడ్డానికి ఒకేలా ఉన్నా అన్నీ ఇవ్వవు. ఇస్తే మానిటర్, చార్జింగ్ రెండూ ఒకే వైరుతో అయిపోతాయి, మానిటర్ కూడా యూఎస్‌బీ-సి పవర్ ఇచ్చేదైతే. రెండోది, తెర రంగులు. చవక ప్యానెల్‌కి స్పెసిఫికేషన్లలో 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అని ఉంటుంది, అంటే అది చూపించగల రంగులు తక్కువ, ఎడిటింగ్‌కి అది పనికిరాదు. మామూలు వీడియోల రంగులన్నీ చూపే 100 శాతం ఎస్ఆర్‌జీబీ అని ఉన్నదే తీసుకోండి.

తేలనిలెక్క:
పోర్టు సంగతి నాకు తోచనే లేదు. 32 జీబీ మోడల్ ఉందో లేదో, ప్యానెల్ ఏదో కనుక్కుని రేపు ఇక్కడే రాస్తాను.