రొయ్యల గుంటలకు సెన్సర్ చేస్తున్నాం, మొదటి పెట్టుబడి ఎవరి దగ్గర తీసుకోవాలి?

ఇందుకూరుపేట కుర్రాడు:
అందరికీ నమస్కారం. నేను, నా ఫ్రెండ్ కలిసి వనామి రకం రొయ్యల గుంటల్లో ఆక్సిజన్ చూసే సెన్సర్ చేస్తున్నాం. డీఓ, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, లీటరుకు 4 మిల్లీగ్రాముల కంటే తగ్గితే రైతుకి ఫోన్ వెళ్తుంది, తెల్లవారుజామున మూడు నాలుగు గంటలప్పుడే అసలు ప్రమాదం కాబట్టి మెసేజ్ కాకుండా కాల్ మోగేలా పెట్టాం. ఇప్పటికి 14 గుంటల్లో నడుస్తోంది, 9 గుంటలకే డబ్బులు వస్తున్నాయి.

చేతిలో ఉన్నది ఇంకో ఐదు నెలలు లాగుతుంది. ఇద్దరు ముందుకొచ్చారు. ఒకరు నాకు మామయ్య వరస, మేత డీలరు, సొంతంగా 20 గుంటలున్నాయి. 40 లక్షలు పెడతాను, 40 శాతం వాటా ఇవ్వండి అన్నారు. రెండో ఆయన హైదరాబాద్‌లో ఉంటారు, 25 లక్షలు కన్వర్టిబుల్ నోట్ మీద (ఇప్పుడు అప్పుగా ఇచ్చి తర్వాత వాటాగా మార్చుకునే పద్ధతి) ఇస్తానంటున్నారు, క్యాప్, అంటే ఆ వాటా లెక్కకు కంపెనీ విలువ పైహద్దు, 4 కోట్లు. ఆయన రొయ్యల గుంట గట్టు మీద ఒక్కసారి కూడా నడిచినట్టు లేరు. ఇద్దరూ "మీ వెనకాల నేనుంటా" అనే అంటున్నారు. నిజంగా ఉండేదెవరో డబ్బు తీసుకోకముందే ఎలా తెలుస్తుంది? తీసుకున్నవాళ్లు చెప్పండి, నాలుగు రోజులుగా నిద్ర లేదు.

చీమకుర్తి స్లాబు:
తమ్ముడూ, నేను రెండు రకాల వాళ్లనీ చూశాను. మాది గ్రానైట్ ఫ్యాక్టరీల్లో స్లాబుల లెక్క చూసే యాప్. మొదట డబ్బు పెట్టినాయన మా ఊరి వైపు మనిషే, పేరు చెప్పను. వాటా రాసుకున్న రోజే మా ఇద్దరి సొంత పేర్ల మీద ప్రామిసరీ నోటు, రెండు ఖాళీ చెక్కులు కూడా తీసుకున్నాడు. నమ్మకం కోసమేలే అన్నాడు, మేమూ సంతకం పెట్టేశాం. వాటా తీసుకుని నోటు కూడా రాయించుకున్నాడంటే అది అప్పే తమ్ముడూ, పెట్టుబడి కాదు, ఆ తేడా నాకు ఏడాది తర్వాత అర్థమైంది. రోజూ రాత్రి తొమ్మిదికి ఫోన్, ఈ రోజు ఎంత వచ్చింది అని. ఒక ఫ్యాక్టరీ వాళ్లు రెండు నెలలు కట్టకపోతే మాకు చెప్పకుండా వాళ్ల మీదికి గొడవకు వెళ్లాడు, దాంతో పక్క ఫ్యాక్టరీ వాళ్లు కూడా మానేశారు.

తర్వాత ఇంకొకాయన వచ్చారు, మొదటాయన డబ్బు తిరిగిచ్చేసి నోటు చించేశాక. ఒక నెలలో నలుగురు కస్టమర్లు పోయారు, చెప్పాలంటే భయం వేసింది, చివరికి ఆదివారం రాత్రి ఫోన్ చేసి చెప్పేశాను. తిట్టలేదు, ఓదార్చనూ లేదు. బ్యాంకులో ఎంత ఉంది, ఎన్ని నెలల జీతాలకు వస్తుంది, వాళ్లు ఎందుకు మానేశారు అని అడిగారు. మూడోదానికి నా దగ్గర జవాబు లేదు. ఆ శనివారం రైల్లో ఒంగోలు దిగి, నాతో పాటు యార్డులో మధ్యాహ్నం దాకా నిలబడ్డారు. పాలిషింగ్ దగ్గర సూపర్‌వైజర్ చేతులు ఎప్పుడూ తడిగా, బురదగా ఉంటాయి, ఫోన్ స్క్రీన్ మీద వేలు పెడితే పలకడం లేదు, అందుకే నంబర్లు మళ్లీ సుద్దముక్కతో స్లాబు మీదే రాసేస్తున్నాడు. అది పట్టుకున్నది ఆయనే. ఏడాదిన్నరగా తిరుగుతున్నా నేను చూడలేదు.

అందుకే నా సలహా ఒక్కటే. నీకు డబ్బు పెడతానన్న మనిషిని, ఇంతకుముందు ఆయన డబ్బు పెట్టి మూతపడిన కంపెనీ వాళ్ల నంబరు అడుగు. బాగా నడిచినవాళ్లు ఎవరైనా బాగానే చెబుతారు. మూసేసిన రోజు ఈయన ఎలా ఉన్నాడో మూసేసినవాళ్లకే తెలుసు. నంబరు ఇవ్వడానికి నసిగితే అక్కడే ఆలోచించు.

అల్లూరు ఆక్వా రైతు:
అబ్బయ్యా, మీ మామయ్యది మంచి మనసే అయ్యుండొచ్చు, ఆయన్ని నేనేమీ అనను. కానీ ఒక లెక్క చూడు. 2025 ఆగస్టులో అమెరికా వాళ్లు సుంకం 50 శాతం చేసినప్పుడు ఇక్కడ కౌంట్ ధరలు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో దాన్ని బట్టి ఇచ్చే ధరలు) పడిపోయి గుంటలు ఖాళీగా పెట్టుకున్నవాళ్లను చూశాం. అలాంటి కాలం మళ్లీ వస్తే రైతు ముందుగా ఆపేది నీ సెన్సర్ డబ్బులే, అదే వారం మీ మామయ్యకు మేత బాకీలు ఆగిపోతాయి, ఆయన గుంటలూ నష్టంలో ఉంటాయి. నీకు డబ్బు కావాల్సిన రోజునే ఆయనకూ డబ్బు కావాలి. అప్పుడు వెనకాల ఉంటానన్న మాట నిలబెట్టుకుందామన్నా ఆయన వల్ల కాదు.

ఇంకోటి, నేను వేరే డీలరు దగ్గర మేత తీసుకుంటా. నా గుంట వివరాలన్నీ మీ మామయ్య ఫోన్‌లో కనపడతాయంటే సెన్సర్ నేను పెట్టించుకోను, నా పక్క రైతూ పెట్టించుకోడు. ఆయన్ని కస్టమర్‌గా చేసుకో. 20 గుంటలంటే చిన్న బేరమా?

మాగుంట లేఅవుట్ సీఏ:
రైతు గారు చెప్పిన పాయింట్ నాకు తట్టలేదు, చాలా విలువైనది. నేను కాగితాల సంగతి చెబుతాను, మంచి ఇన్వెస్టరా కాదా అన్నది సగం అక్కడే బయటపడుతుంది.

40 శాతం ఇప్పుడే ఇచ్చేస్తే మీ ఇద్దరికీ మిగిలేది 60. రేపు ఉద్యోగుల కోసం 10 శాతం పక్కన పెట్టి, తర్వాతి రౌండ్ పెట్టుబడిలో 20 శాతం ఇస్తే మీ 60 కాస్తా 43 అవుతుంది, అంటే తలా 22 లోపే. తర్వాత వచ్చేవాళ్లు ఆ లెక్క చూసి వెనక్కి వెళ్తారు. మీ మీద ప్రేమ ఉన్న ఇన్వెస్టర్ అయితే అంత వాటా మీరు ఇస్తానన్నా వద్దంటాడు.

కన్వర్టిబుల్ నోట్‌లో వాటా ఇప్పుడు తేలదు, తర్వాతి రౌండ్ ధరను బట్టి తేలుతుంది. దానికి మీ కంపెనీకి కేంద్ర ప్రభుత్వ శాఖ డీపీఐఐటీ ఇచ్చే స్టార్టప్ గుర్తింపు ఉండాలి, ఒక్కొక్కరు ఒకే విడతలో 25 లక్షలకు తగ్గకుండా ఇవ్వాలి, కాబట్టి విడతలుగా ఇస్తానంటే ఒప్పుకోకండి. షేర్లు తీసుకునే పద్ధతైతే డబ్బు బ్యాంకు ద్వారానే రావాలి. సగం క్యాష్ ఇస్తానని మన వైపు చాలామంది అడుగుతారు, ఆ మాట వచ్చిన చోట లేచి వచ్చేయండి. ఏంజెల్ ట్యాక్స్ (అసలు విలువ కంటే ఎక్కువ ధరకు షేర్లు ఇస్తే కంపెనీ మీద పడే పన్ను) గురించి ఎవరైనా భయపెడితే, దాన్ని 2024 జులై బడ్జెట్‌లోనే తీసేశారు.

4 ఏళ్ల వెస్టింగ్, అంటే మీ షేర్లు ఆ నాలుగేళ్లలో కొంచెం కొంచెంగా మీ సొంతమయ్యే షరతు, అడిగితే మాత్రం తప్పుగా అనుకోవద్దు. రేపు మీలో ఒకరు ఉద్యోగం వచ్చి వెళ్లిపోతే రెండోవారిని కాపాడేది అదే. కంపెనీ అమ్మితే నా డబ్బుకి రెండు రెట్లు తీసుకుని ఆపైన వాటా కూడా తీసుకుంటా అని రాస్తే, అప్పుడు నన్ను పిలవండి.

ఇందుకూరుపేట కుర్రాడు:
అందరికీ చాలా థ్యాంక్స్. హైదరాబాద్ ఆయన్ని మూతపడిన కంపెనీ వాళ్ల నంబరు అడిగాను, పది నిమిషాల్లో రెండు పంపారు. ఒకరితో మాట్లాడాను, 40 నిమిషాలు. మూసేద్దామని ముందు చెప్పింది ఈయనేనట, ఇంకో ఆరు నెలలు అప్పులు చేసి లాగొద్దు అన్నారట, ఆఖరి నెల జీతాలు అందరికీ ఇచ్చేదాకా కంపెనీ ఖాతాలో మిగిలిన దాంట్లో తన వాటా అడగలేదట. రెండోవారు ఇంకా ఫోన్ ఎత్తలేదు.

చీమకుర్తి అన్న మాట గుర్తొచ్చి హైదరాబాద్ ఆయన్ని ఒక రాత్రి మా దగ్గర ఉండమని అడిగాను. వచ్చే గురువారం వస్తున్నారు, తెల్లవారుజామున నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు వేసే టైముకి గట్టు మీదికి తీసుకెళ్తాను. మామయ్యకు నిన్న సాయంత్రం విషయం చెప్పేశాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, సరే, ముందు నా గుంటల్లో ఆరింటికి పెట్టండి, ఎంతవుతుందో చెప్పు అన్నారు. రేపు పొద్దున్నే సెన్సర్లు తీసుకుని వెళ్తున్నాం.