చిన్న టీమ్‌కి జిరా అవసరమా, వాట్సాప్ గ్రూపు చాలదా?

బరంపురం బాబు:
మాది దక్షిణ ఒడిశా బరంపురంలో చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు. నర్సింగ్ హోమ్‌లకి బిల్లింగ్, స్కూళ్ళకి ఫీజుల యాప్ చేస్తాం. ఇన్నాళ్ళూ పనంతా వాట్సాప్ గ్రూపులోనే నడిచింది. ఇప్పుడు విశాఖ క్లయింటు ఒకరు, ప్రతి పనీ జిరాలో (ఏ పని ఎవరి దగ్గర ఎంతవరకు వచ్చిందో రాసిపెట్టే సాఫ్ట్‌వేర్) ఎక్కించి, దానికి పట్టిన గంటలు చూపిస్తేనే బిల్లు పాస్ చేస్తామంటున్నారు. అందులో ఒక్కో పనికీ ఒక చీటీలా టికెట్లు రాస్తూ కూర్చుంటే కోడు ఎవరు రాస్తారని మా సీనియర్లు. మీరేమంటారు?

జయపురం టెకీ:
సీనియర్లదే రైటు. సాఫ్ట్‌వేర్ ఎలా తయారుచేయాలో చెప్పే ఎజైల్ మేనిఫెస్టో అనే ప్రకటనని 2001లో రాసిన 17 మందీ పద్ధతులు, పనిముట్ల కంటే మనుషులూ వాళ్ళ మాటామంతీ ముఖ్యమని మొదటి సూత్రంగానే పెట్టారు. నేను మునుపు చేసిన చోట సాయంత్రమయ్యేసరికి గంటలు నింపడమే ఒక ఉద్యోగం. నెలాఖరుకి ఎవరెన్ని టికెట్లు మూశారో లెక్కేసి రేటింగు. దాంతో కష్టమైన బగ్గు జోలికి ఎవరూ వెళ్ళేవారు కాదు. ఒక్క పనినే నాలుగు టికెట్లుగా విడగొట్టేవారు. ఒకే గదిలో కూర్చునే నలుగురికి గోడమీద బోర్డు, రంగు చీటీలు చాలు. టొయోటా కార్ల ఫ్యాక్టరీలో పని కాన్‌బాన్ కార్డులతోనే (ఏం కావాలో చెప్పే చీటీలు) నడిచింది కదా.

పర్లాకిమిడి అక్క:
తమ్ముడూ, నువ్వు పడ్డ బాధ నిజం. కానీ మనిషిని టికెట్ల లెక్కన తూచడం మేనేజరు చేసిన తప్పు. జిరా 2002లో వచ్చింది బగ్గులు రాసిపెట్టుకోడానికి. గంటల లెక్క దాని అసలు పని కాదు.

ఒకే గది అన్నావు. మన జిల్లాల్లో ఆ గది ఎక్కడుంది? ఒకరు పర్లాకిమిడిలో ఇంటి నుంచి, ఒకరు బరంపురంలో, టెస్టింగు చేసే పిల్ల రాయగడలో. గ్రూపులో ఒక వాయిస్ నోటు ఒడియాలో, ఇంకొకటి తెలుగులో, క్లయింటు మెయిలు ఇంగ్లీషులో. డిస్కౌంటు తీసేశాక పన్ను వేయాలా, ముందే వేయాలా అన్నది ఎవరు తేల్చారో ఆర్నెల్లు పోయాక ఏ నోటులో వెతుకుతాం? ఈలోగా అది తేల్చిన కుర్రాడు హైదరాబాదు వెళ్ళిపోతాడు. పని నేర్చుకోగానే భువనేశ్వరో విశాఖో బెంగళూరో వెళ్ళిపోవడం మన పిల్లలకి మామూలే, దాన్ని ఆపలేం. ఆలస్యమైన ప్రాజెక్టులో కొత్తవాళ్ళని చేరిస్తే అది ఇంకా ఆలస్యమవుతుందని సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే రాశాడు. కొత్తవాడికి చెప్పడంలోనే పాతవాళ్ళ టైమంతా పోతుంది. పెద్ద కంపెనీలో అడగడానికి పక్కన ఇంకో పదిమంది ఉంటారు. మనకి రాసిపెట్టిందే దిక్కు.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా గజపతి జిల్లాని ఎలా కొట్టిందో అందరికీ తెలుసు. అలాంటప్పుడు కరెంటూ సిగ్నలూ ఉండవు. గోడమీది బోర్డు దగ్గరికి చేరడమే కుదరదు. పని ఎక్కడ ఆగిందో టికెట్లో ఉంటే బయటి ఊరివాడు అక్కడినుంచి అందుకుంటాడు.

జిరాయే కానక్కర్లేదు. అలాంటిదే రెడ్‌మైన్ ఓపెన్ సోర్స్ (దాని కోడు అందరికీ తెరిచే ఉంటుంది), 2006 నుంచీ ఉంది. ట్రెల్లో ఇంకా తేలిక. ఏది వాడినా కాలమ్స్ (చేయాల్సినవి, చేస్తున్నవి, అయిపోయినవి) మూడు దాటనివ్వకండి, ఒక మనిషి చేతిలో ఒకేసారి రెండుకి మించి పనులు పెట్టకండి.

రాయగడ టెస్టర్:
ఒక మాట. టికెట్ ఇంగ్లీషులోనే రాయాలంటే మా జూనియర్లు భయపడి 'ఫిక్స్‌డ్' అని ఒక్క ముక్క రాసి మూసేస్తారు. ఏం మార్చారో, ఎందుకు మార్చారో తెలీదు. టైటిల్ ఇంగ్లీషులో పెట్టి, లోపల తెలుగులోనో ఒడియాలోనో రాయనివ్వండి. ఏం నొక్కితే వచ్చింది, ఏం రావాలి, ఏం వచ్చింది, ఒక స్క్రీన్‌షాట్. నాకు అంతే కావాలి.

జయపురం టెకీ:
అక్కా, మనుషులు వెళ్ళిపోయే సంగతి నేను ఆలోచించలేదు, అది ఒప్పుకుంటాను. కానీ గంటల కాలమ్ ఉన్నంతకాలం నా అభ్యంతరం అలాగే ఉంటుంది. ఈరోజు బిల్లు కోసమంటారు, రేపు అదే రేటింగవుతుంది. బాబూ, నీ క్లయింటు అడిగేది సరిగ్గా అదే కదా?

బరంపురం బాబు:
అవునన్నా, వాళ్ళ పట్టంతా గంటలమీదే. టికెట్లు పెడతాం, ప్రతి నిర్ణయం అందులోనే రాస్తాం, బిల్లు మాత్రం మాడ్యూల్ (సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో భాగం) లెక్కన ఇమ్మని అడుగుతాను. సోమవారం వాళ్ళతో కాల్ ఉంది. మాడ్యూల్ లెక్కన ఒప్పందం రాసుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే, మధ్యలో క్లయింటు మార్పులు అడిగితే ఏం చేశారో అంతకుముందే చెప్పండి.