రగ్బీ సెవెన్స్ (జట్టుకు ఏడుగురు ఆడే రగ్బీ) ఆడాలని ఉంది. వయసు 29, పరుగు అలవాటుంది. ఎలా తయారవ్వాలి?

పదికిలోమీటర్లు:

అందరికీ నమస్కారం. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మహిళల సెవెన్స్ కాంస్య పతకం మ్యాచ్ చూసిన దగ్గర్నుంచి ఈ ఆట బుర్రలోంచి పోవడం లేదు. ఆస్ట్రేలియా 12-7తో ముందుంది, టైమ్ దాదాపు అయిపోయింది. అమెరికా అమ్మాయి అలెక్స్ సెడ్రిక్ తన జట్టు గోల్ లైన్‌కు దగ్గర్లో బంతి అందుకుని, మీద పడినవాళ్ళను విదిలించుకుని, ఆ చివరిదాకా ఉరికింది. ట్రై (గోల్ లైన్ దాటి బంతిని నేలకు తాకించడం, 5 పాయింట్లు) తర్వాత కన్వర్షన్ (గోల్ పోస్టుల మధ్యగా కొట్టే కిక్, 2 పాయింట్లు) కూడా తనే కొట్టింది, 14-12. సోఫాలోంచి ఎప్పుడు లేచి నిలబడ్డానో నాకే తెలీదు.

వారానికి మూడుసార్లు పదేసి కిలోమీటర్లు పరుగెత్తుతాను. స్కూల్లో కబడ్డీ ఆడాను, కార్నర్‌లో ఉండేదాన్ని. కొత్తవాళ్ళను తీసుకునే ఒక సెవెన్స్ జట్టు ఉంది, ప్రాక్టీస్ మొదలవడానికి నెలన్నర టైముంది.

నా డౌట్లు ఇవి. మ్యాచ్ మొత్తం 14 నిమిషాలే కదా, గంటసేపు ఆగకుండా పరుగెత్తేదాన్ని, స్టామినాకు ఢోకా లేనట్టేనా? ట్యాకిల్ (బంతి ఉన్నవాళ్ళను పట్టుకుని పడేయడం) అంటే మాత్రం లోపల భయంగానే ఉంది, అది ఎలా పోతుంది? ఇంకోటి, చూసేటప్పుడు కళ్ళు బంతి వెంటే పోతున్నాయి. మజా వస్తోంది గానీ ఏం జరిగిందో అర్థమయ్యేలోపు ట్రై అయిపోతోంది.

పాతస్వీపర్:

రండి రండి. చాలా ఏళ్ళు సెవెన్స్ ఆడాను, ఎక్కువగా అందరికంటే వెనక స్వీపర్‌గా. ఇప్పుడు మోకాళ్ళు ఒప్పుకోవడం లేదు, కొత్తవాళ్ళకు నేర్పుతుంటాను.

ముందు చేదు మాట చెప్పేస్తాను. మీ పది కిలోమీటర్లు పునాదికి పనికొస్తాయి, అంతవరకే. సెవెన్స్ మైదానం పదిహేనుమంది ఆడే మైదానమే, గోల్ లైన్ల మధ్య దాదాపు 100 మీటర్లు, వెడల్పు 70. ఒకరిని వెనక నిలబెడితే లైన్‌లో మిగిలేది ఆరుగురు. అంటే ఒక్కొక్కరికి పన్నెండు మీటర్ల దాకా కాపలా. పదిహేనుమంది ఆటలో పక్కవాడు తప్పు సర్దేస్తాడు, ఇక్కడ సర్దడానికి చేతికందే దూరంలో ఎవరూ ఉండరు.

ఆ 14 నిమిషాల్లో మీరు చేసే పని ఇది: ముప్పై నలభై మీటర్లు ప్రాణం పెట్టి ఉరకడం, ఢీకొనడం, కింద పడటం, లేవడం, మళ్ళీ లైన్‌లోకి పరుగు. కొత్తవాళ్ళ పని పట్టేది నేల మీంచి లేవడమే. నాలుగోసారి కింద పడ్డాక లేవాలంటే చేతులు వణుకుతాయి, పరుగు పందేల్లో గెలిచినవాళ్ళకు కూడా.

కాబట్టి వారానికి రెండు రోజులు ఇలా చేయండి. బోర్లా పడుకోండి, ఛాతీ నేలకు ఆనాలి. లేచి 20 మీటర్లు ఉరకండి, అక్కడ మళ్ళీ బోర్లా, లేచి వెనక్కి. 30 సెకన్లు ఇది, 30 సెకన్లు రెస్ట్. ఆరుసార్లైతే ఒక సెట్. మూడు నాలుగు నిమిషాలు నడిచి రెండో సెట్. మొదటి రెండు వారాలు పూర్తి వేగం వద్దు, ఎప్పుడూ ఒకే స్పీడులో పరుగెత్తేవాళ్ళకు తొడ వెనక కండరం ముందు పట్టేస్తుంది. పది కిలోమీటర్ల పరుగు వారానికి ఒకటి ఉంచుకోండి, మీకు ఇష్టం కాబట్టి.

టోర్నమెంట్ అంటే ఒకే రోజు రెండు మూడు మ్యాచ్‌లు. మధ్యలో కూర్చుండిపోతే కాళ్ళు బిగుసుకుపోతాయి, అటూ ఇటూ నడుస్తూ ఉండాలి.

ఇక చూడటం గురించి. ఈసారి బంతిని కాసేపు వదిలేసి డిఫెన్స్ లైన్ చూడండి. ఎవరు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగి నిలబడ్డారో కనిపెట్టండి. ఇంకో రెండు పాస్‌ల్లో దాడి అటే వస్తుంది. మంచి జట్లు కావాలనే పది మీటర్లు వెనక్కి పాస్ చేసుకుంటూ పోతాయి, అది చూసి డిఫెన్స్‌లో ఒకరు ఆశపడి ముందుకొస్తారు, ఆ వదిలిన సందులోంచి బంతి పోతుంది.

స్కోరు తర్వాత కిక్ కూడా చూడండి. సెవెన్స్‌లో ట్రై చేసిన జట్టే మళ్ళీ కిక్ చేస్తుంది. బంతి పది మీటర్లు దాటాలి, కానీ దాటిన చోటే గాల్లోకి ఎగిరి అందుకుంటే బంతి మళ్ళీ వాళ్ళదే. అవతలి జట్టు బంతి ముట్టుకోకుండానే రెండో ట్రై పడిపోవచ్చు.

సెడ్రిక్ మ్యాచ్ మళ్ళీ చూస్తే ఒకటి గమనించండి. ఆవిడ గోల్ లైన్ దాటాక బంతిని సరిగ్గా పోస్టుల మధ్య నేలకు తాకించింది. ట్రైతో 12-12 మాత్రమే. సెవెన్స్‌లో కన్వర్షన్ బంతిని చేత్తో వదిలి, నేలను తాకి లేస్తుండగా కొట్టాలి, అదీ గబగబా. ట్రై పడ్డ చోటుకు ఎదురుగానే కొట్టాలి కాబట్టి, అది మూలలో పడి ఉంటే ఆ కిక్ నరకం. అంత ఊపిరి ఆడని స్థితిలో కూడా ఆవిడకు అది గుర్తుంది.

ఫిజీఫ్యాన్:

పాతస్వీపర్ గారూ, కొత్తమ్మాయిని బెదరగొట్టేస్తున్నారు. పదికిలోమీటర్లు గారూ, 2016 రియో ఫైనల్లో ఫిజీ ఆట ఒకసారి చూడండి. బ్రిటన్‌ను 43-7తో చితక్కొట్టారు, ఆ దేశానికి ఒలింపిక్స్‌లో అదే మొదటి పతకం. ట్యాకిల్‌లో పడిపోతూ కూడా ఒంటి చేత్తో పక్కవాడికి బంతి అందించేస్తారు. అది చూశాక బోర్లా పడుకోవడాలు, లేవడాలు మీకు కష్టమనిపించవు. రోజూ పది నిమిషాలు బంతి చేతిలో పెట్టుకుని తిరగండి, అంతే.

పాతస్వీపర్:

ఫిజీ వాళ్ళు ఆ ఒంటిచేతి పాస్ ఇవ్వగలిగేది పక్కవాడు అప్పటికే లేచి అక్కడికి చేరుకున్నాడు కాబట్టి. బంతి మాట మాత్రం ఒప్పుకుంటాను.

నెమ్మదిగాఆడేవాణ్ణి:

ట్యాకిల్ భయం ఉంటే ముందు టచ్ రగ్బీ ఆడండి. చేత్తో తాకితే చాలు, పడేయడం ఉండదు. బంతి ముందుకు పాస్ చేయకూడదన్నది ఒంటికి పట్టడానికి అంతకంటే మంచి దారి లేదు. నేను చాలాకాలం అదే ఆడాను, ఇప్పటికీ ఎక్కువ అదే. తలకు దెబ్బ తగిలి దిమ్మ తిరిగినట్టుంటే ఆ రోజుకు ఆట అయిపోయినట్టే, డాక్టర్‌ని కలవకుండా మళ్ళీ మైదానంలోకి వెళ్ళొద్దు. జట్టులో ఎవరైనా "ఏం కాదులే ఆడు" అంటే ఆ జట్టే మార్చేయండి.

పదికిలోమీటర్లు:

ఇంత వివరంగా చెప్తారనుకోలేదు, థాంక్సండీ. నిన్న ఆ 30 సెకన్ల డ్రిల్ చేశాను, ఒక్క సెట్‌కే చుక్కలు కనిపించాయి. ఇంకో డౌట్. కబడ్డీలో నాకు బాగా వచ్చింది చీలమండ పట్టు. ఇక్కడ పనికొస్తుందా?

పాతస్వీపర్:

కబడ్డీ ఆడినవాళ్ళు అంటే నాకు భలే ఇష్టం. వంగడం మీకు నేర్పక్కర్లేదు, ఎదుటివాళ్ళ నడుము చూసి అంచనా వేయడం వచ్చు. ముందున్నవాళ్ళు మిమ్మల్ని దాటి పోతుంటే ఆఖరి ప్రయత్నంగా చేత్తో మడమ మీద ఒక్కటి తట్టి పడేయొచ్చు, రూల్స్ ఒప్పుకుంటాయి. కాలు అడ్డం పెడితే మాత్రం పెనాల్టీ.

అయితే మామూలు ట్యాకిల్‌కు చీలమండ దాకా పోకండి. ఎగిరే మోకాలు మీ మొహానికి తగులుతుంది. నడుముకు కాస్త కింద, తొడల దగ్గర భుజం ఆనించండి. కళ్ళు తెరిచే ఉండాలి, గడ్డం పైకి. తల ఎప్పుడూ ఆ మనిషి వెనక వైపు ఉండాలి, అంటే మీ చెంప వాళ్ళ పిరుదుకు ఆనాలి. తల వాళ్ళ ముందుకు పెట్టారో, పడేటప్పుడు వాళ్ళ బరువంతా మీ మెడ మీదే. తర్వాత రెండు చేతులతో చుట్టేసి, పాదాలు ఆపకుండా రెండడుగులు ముందుకు వేయండి. వాళ్ళంతట వాళ్ళే పడతారు.

కబడ్డీ అలవాటు దెబ్బతీసేది ఆ తర్వాతే. అక్కడ పట్టుకున్నవాళ్ళను వదలకూడదు, ఇక్కడ నేల మీద పడగానే వదిలేయాలి. వదిలి, లేచి, మీ జట్టు వైపు నుంచి వచ్చి బంతి కోసం చూడాలి. గట్టిగా పట్టుకునే కూర్చుంటే పెనాల్టీ, మరీ మొండికేస్తే పసుపు కార్డు. రెండు నిమిషాలు బయట. 14లో రెండు, ఆరుగురితో ఏడుగురిని ఆపాలి. ఎల్లో కార్డు టైమ్‌లో రెండు ట్రైలు పడటం మామూలే.

మొదట మోకాళ్ళ మీద కూర్చుని, నిలబడి ఉన్నవాళ్ళను మెల్లగా పడేస్తూ నేర్పిస్తారు. తర్వాత నడిచేవాళ్ళను, ఆ తర్వాతే పరుగెత్తేవాళ్ళను. మొదటి రోజే ఫుల్ స్పీడ్ ట్యాకిల్ పెడితే కాస్త పక్కకు తప్పుకుని చూడండి, సిగ్గేం లేదు. భయం చాలామందికి తల ఎటు పెట్టాలో ఒంటికి అలవాటయ్యాక తగ్గుతుంది. నాకైతే ప్రతి సీజన్ మొదటి ట్యాకిల్‌కు ముందు కడుపులో తిప్పేది.

పదికిలోమీటర్లు:

చెంప ఎక్కడ పెట్టాలో ఇంక మర్చిపోను 😄 షోల్డర్ ప్యాడ్లు, హెడ్ గార్డ్ కొనాలా?

పాతస్వీపర్:

ముందు మౌత్‌గార్డ్ కొనండి, వేడినీళ్ళలో ముంచి పళ్ళకు సరిపోయేలా కొరుక్కునేది. ఫుట్‌బాల్ బూట్లు ఉంటే అవే చాలు, స్టడ్‌ల (అడుగున ఉండే బొడిపెల) అంచులు పదునుగా లేకుండా చూసుకోండి. హెడ్ గార్డ్ చెవులు గీరుకుపోకుండా, తోలు చీరుకోకుండా కాపాడుతుంది, కంకషన్‌ను (దెబ్బకు మెదడు అదరడాన్ని) ఆపదు. షోల్డర్ ప్యాడ్లు ఒకటి రెండు నెలలు ఆడాక చూసుకోవచ్చు. గోళ్ళు కత్తిరించుకుని రండి, అవి ఉంటే రిఫరీ కంటే ముందు మీ జట్టువాళ్ళే తిడతారు.